ఎలుగు భయము - తోట యజమానుల ధర్మము

ఏటేట జీడిపండు పండు కాలము వచ్చుసరికి శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు గ్రామములలో రెండు ప్రయాణములు ఒక్కమారుగా మొదలగుచున్నవి. పిక్కలేరుటకై కూలివాండ్రు వేకువనే తోటలకు బయలుదేరుదురు. పండిన పండ్ల వాసన పట్టుకొని కొండలలోని ఎలుగులును ఆ తోటలకే దిగి వచ్చును. ఉభయులును వచ్చునది పొట్టకూటికే. ఒకరిమీద నొకరికి పూర్వవైర మేదియు లేదు. ఐనను వెలుగు విచ్చుకొనని వేళ, పొదచాటున, రెండు బారల దూరమున వారు ఎదురుపడుదురేని, ఆ ఉదయము ఒక కుటుంబమునకు కాలరాత్రి యగుచున్నది.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలముల వారికి ఇది నూతన విషయము కాదు. 2018 జూన్ మాసమున సోంపేట మండలమున ఒక ఎలుగు ఇరువురిని చంపగా, గ్రామస్థులు క్రోధము పట్టలేక దానిని కొట్టి చంపిరి. 2022 జూన్ మాసమున వజ్రపుకొత్తూరు మండలమందలి కిడిసింగి ప్రాంతమున ఒక ఎలుగు ఒకని ప్రాణము గొని, మరికొందఱిని తీవ్రముగా గాయపఱచినది. మత్తుమం దిచ్చి దానిని పట్టి విశాఖపట్టణమునకు తరలించుచుండగా అదియు మరణించినది. 2024 మార్చి మాసమున అదే మండలమున జీడితోటలో ఇరువురు ఎలుగు వాతబడిరి. ప్రతిమారును జరుగుచున్నది ఒక్కటే: అధికారులు వచ్చుట, బోనులు తెచ్చుట, పరిహారము ప్రకటించుట. పదిదినములు గడచిన పిమ్మట తోటలో కూలివాడు యథాప్రకారము చీకటిలోనే అడుగు పెట్టుచున్నాడు.

ఈ మరణములను దైవఘటనలని సరిపెట్టుకొనుటకు మేము సమ్మతింపజాలము. ఎలుగు ఎప్పుడు మీదపడునో, ఎందుకు పడునో ఎఱిగిన విషయమే. తప్పించుకొను మార్గములును ఎఱిగినవే. అవి మిక్కిలి చవుకయైనవి కూడ. ఎఱిగియు చేయకుండుటయే లోపము. ఆ లోపమును దిద్దవలసిన భారము మొట్టమొదట ఎవరిమీద నున్నదో ఈ దినమున విచారింప దలచితిమి.

ముందుగా మన ఎలుగు స్వభావము తెలిసికొనవలయును. లోకమున ఎనిమిది జాతుల ఎలుగులు కలవు. మంచుదేశపు ఎలుగులవలె మన నల్ల ఎలుగు శీతకాల మంతయు గుహలో నిద్రింపదు. సంవత్సరము పొడవునను తిరుగుచునే యుండును. దాని ముఖ్యాహారము చెదలు, చీమలు, తేనె, పండ్లు. నేరేడు, రేగు, తునికి, ఇప్పపువ్వు, పనస, జీడిపండు దానికి ప్రీతి. పై దౌడ నడిమి పండ్లు రెండు దానికి లేవు. ఆ సందుగుండ చెదలను పీల్చుకొనును. దాని గోళ్లు మూడు నాలుగు అంగుళములు సాగి, గడ్డపారవలె పుట్టను త్రవ్వును. పగటివేళ రాళ్ల సందులలోను, గుహలలోను, దట్టమగు పొదలలోను పడుకొని, సందె చీకటినుండి తెల్లవాఱువఱకు మేతకు తిరుగును.

దానికి ముక్కు మిక్కిలి చుఱుకు. కన్ను, చెవి అంతటివి కావు. పుట్టలో మూతి దూర్చి చెదలను పీల్చునపుడు ఆ చప్పుడు మనకు దూరమునకే వినబడును గాని, మన అడుగుల సవ్వడి దానికి వినబడదు. గాలి ఎదురుగ వీచుచున్నచో వాసనయు తగులదు. అట్టి సమయమున మనుష్యుడు దాని ప్రక్కకు వచ్చి నిలిచినగాని దానికి తెలియదు. ఇది యుగయుగములుగా పెద్దపులి తిరుగు అడవులలో బ్రతికిన జంతువు. పులినుండి పరుగెత్తి తప్పించుకొనలేదు. పిల్లలను వీపుమీద నెక్కించుకొని పోవు తల్లి అసలే పరుగెత్తజాలదు. కావున ఉలికిపడినంతనే ఎదురుతిరిగి మీదపడుటయే దాని ప్రాణరక్షణ మార్గమైనది. పులికి నేర్చిన ఈ పాఠమునే అది కట్టెలపుల్ల లేరుకొను ముసలిదానిమీదను ప్రయోగించుచున్నది. మనుష్యుని తినుటకు అది రాదు. బెదరి మీదపడి, చీల్చి, పాఱిపోవును. ఐనను అది మొదట పట్టునది ముఖము, తల. ప్రాణముతో బయటపడినవారు కన్ను పోయి, దౌడ చితికి, ఆజన్మాంతము అద్దమునకు ముఖము చాటుచేసికొని బ్రతుకుచున్నారు.

మన చిన్ననాటి పుస్తకములలోని ఇద్దఱు స్నేహితులు, ఎలుగుబంటి కథ ఎఱుగనివా రుండరు. ఒకడు చెట్టెక్కెను, రెండవవాడు శవమువలె పడియుండెను, ఎలుగు వాసన చూచి పోయెను. ఆపదలో తోడు విడిచిన వాడు స్నేహితుడు కాడను నీతి మంచిదే. కాని ఆ కథను నమ్మి చెట్టెక్కుట మాత్రము ప్రమాదము. తేనెపట్టుకై నిటారు మ్రాను ఎక్కగల జంతువునకు మనము ఎక్కు కొమ్మ యొక లెక్క కాదు. పరుగెత్తుటయు వ్యర్థము; చూచుటకు మొద్దువలె నున్నను అది మనుష్యునికంటె వేగముగ పరుగెత్తును. భల్లూకపు పట్టు అను మాట మన భాషలో నున్నది గాని, అది కౌగిలించి నలుపునని తలచుటయు పొరపాటే. గోళ్లతో కొట్టి, పండ్లతో కఱచును. వెనుకకాళ్లమీద నిలిచినంతమాత్రమున మీదపడుటకు వచ్చుచున్నదని భయపడ నక్కఱలేదు. తరచుగా అది వాసన పట్టుటకే లేచి నిలుచును.

అట్లయిన చేయవలసిన దేమి? ప్రధానమైనది ఒక్కటి: దానికి మన రాక ముందుగనే తెలియనీయవలయును. బెదరనిచో అది దాదాపుగా మీదికి రాదు. మనుష్యుని అలికిడి విన్న ఎలుగు సాధారణముగ తానే తొలగిపోవును. పూర్వము మన దేశమున తపాలా మోయు అంచెవాండ్రు ఈటెకు గజ్జెలు కట్టుకొని, అడవిత్రోవల గల్లుగల్లుమనుచు పరుగిడువారు. ఆ గజ్జెలు అలంకారమునకు కట్టినవి కావు. మృగములకు దారి విడువుమని చేయు విన్నపము అది. నేడును ఎలుగు లున్న ప్రాంతములలో వన్యప్రాణి సేవకులు గజ్జెలు కట్టిన కఱ్ఱనే పల్లెవారి చేతి కిచ్చుచున్నారు. ఒక కఱ్ఱ, నాలుగు గజ్జెలు, బిగ్గరగా మాటలాడు కంఠము: వీని వెల యెంత?

రెండవది, ఒంటరిగా పోరాదు. ముగ్గురు నలుగురు కలిసి, ఎడముగ చీలిపోక, పిల్లలను నడుమ నుంచుకొని నడువవలయును. మూడవది, వేళ. సూర్యోదయమునకు పూర్వమును, సందె వాలిన పిమ్మటను ఎలుగు తిరుగు తోటలోనికి పోరాదు. పోక తప్పనిచో దీప ముండవలయును. నాలుగవది, పొదలలోనికి, రాళ్ల సందులలోనికి, గుహ ముఖములకు తలదూర్పరాదు. క్రొత్తగా త్రవ్విన పుట్ట, పండ్ల గింజలతో నిండిన మలము, గోటి గీతలు కనబడినచో అక్కడినుండి మరలవలయును. పిల్ల ఎలుగు కనబడినచో ముచ్చటపడి నిలువరాదు. తల్లి దాపుననే యుండును.

దూరమున కనబడిన ఎలుగునకు ఎదురుపోక, ఱాళ్లు రువ్వక, కుక్కలను ఉసికొల్పక, దానివైపే చూచుచు మెల్లమెల్లగ వెనుకకు తగ్గి, దానికి పోవుటకు త్రోవ విడువవలయును. నలువైపుల జనులు మూగి కేకలు వేయుట దానిని పిచ్చెక్కించుటయే. నేటి యువకులు చేతి ఫోనులతో దాని బొమ్మ తీయుటకై వెంటబడుచున్నారు. ఇట్టి చాపల్యమును పెద్దలు నిర్దాక్షిణ్యముగ మాన్పింపవలయును. ఇన్ని చేసినను అది మీదికి వచ్చినచో చేతికఱ్ఱను దానికిని మనకును నడుమ నడ్డము పెట్టవలయును. క్రింద పడవేసినచో బోరగిల పండుకొని, ముఖము నేలకు ఆనించి, రెండు చేతులును మెడ వెనుక గట్టిగా పెనవైచి, తలను, మెడను కాచుకొనవలయును. అది పోయినదని నిశ్చయమగువఱకు లేవరాదు. గాయమైనవానిని నాటు మందులతో జాగుచేయక, పుండును సబ్బుతోను, పాఱు నీటితోను కడిగి, నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డ అదిమిపట్టి, 108 బండి పిలిచి ఆసుపత్రికి చేర్పవలయును. పిచ్చికుక్క కాటునకు వేయు టీకా ఇచ్చటను అవసరమే.

ఈ జాగ్రత్త లన్నియు కూలివానికి చెప్పి చేతులు దులుపుకొనిన చాలునా? చాలదు. ఎవరి మేలుకై మనుష్యుడు అడవిత్రోవన పోవుచున్నాడో వారు కొంత పూచీ వహించుట అన్యత్ర జరుగుచున్న పనియే.

అమెరికా సంయుక్త రాష్ట్రముల జాతీయవనములను చూడుడు. ఒకప్పు డచ్చట చెత్తకుప్పలకు ఎలుగులు వచ్చి తినుచుండగా జనులు వినోదముగ చూచెడివారు. మనుష్యుని ఎంగిలికి అలవాటుపడిన ఎలుగునకు మనుష్యుడన్న జంకు పోయెను. 1967 ఆగస్టు 13వ తేదీ రాత్రి మాంటానా రాష్ట్రములోని గ్లేసియర్ వనమున వేర్వేరు చోట్ల రెండు ఎలుగులు ఇరువురు యువతులను చంపినవి. ఆ దెబ్బతో వారు మేలుకొనిరి. యెల్లోస్టోన్ వనములోని కడపటి చెత్తకుప్ప 1970లో మూయబడినది. ఎలుగు తెఱవలేని పెట్టెలలో ఆహార ముంచవలయుననియు, ఎలుగునకు నూఱు గజముల దూరమున నిలువవలయుననియు నియమములు వెలసినవి. మిరపకాయలోని కారమును డబ్బాలో నింపి ఎలుగు ముఖమున చిమ్ము సాధనమును కల్పించిరి. అలాస్కాలో 1985 మొదలు 2006 వఱకు జరిగిన సంఘటనలను పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనమున, ఆ కారము గోధుమవన్నె ఎలుగులను నూటికి 92 మారులు నిలువరించినట్లు తేలినది. అది ఆ దేశపు ఎలుగులమాట. మన ఎలుగునకు అక్షరాల అన్వయింపదు. ఐనను గ్రహింపదగిన దొకటి కలదు: వినోదమునకై వచ్చు యాత్రికుని ప్రాణమునకు అచ్చటి ప్రభుత్వము పూచీ పడి, నియమము పెట్టి, నియమము నడిపించుచున్నది.

దూరదేశపు మాట యేల? తిరుమల కాలినడక త్రోవన 2023 ఆగస్టులో చిరుతపులి ఒక పసిపిల్లను చంపగా, దేవస్థానమువారు భక్తులు గుంపులుగ నడువవలయుననిరి, మధ్యాహ్నము రెండు గంటల పిమ్మట పిల్లలతో నడచుటను నిషేధించిరి, చేతికఱ్ఱ లిచ్చిరి. కఱ్ఱతో పులిని కొట్టవచ్చునా యని పట్టణములలో కొందఱు పరిహాసము చేసిరి. మేము పరిహసింపము. గుంపు, వేళ, చేతికఱ్ఱ అను మూడును మృగభయమున్న త్రోవకు పెద్దలనాటినుండి వచ్చిన కట్టుబాట్లే. మొక్కు తీర్చుకొనుటకు పోవువానికి రక్షణ కల్పించుట దేవస్థానము తన విధిగా నెంచినది.

ఇక జీడితోటకు పోవు స్త్రీ సంగతి చూడుడు. ఆమె వినోదమునకు పోలేదు, మొక్కునకు పోలేదు. మన పంటను మన యింటికి చేర్చుటకు పోయినది. ఆ తోటకు ద్వారము లేదు, కావలి లేదు, కట్టుబాటు లేదు. రాలిన పిక్కను పొరుగువా రెత్తుకొనిపోకమునుపే ఏరవలయునని ఆమెను చీకటితో పంపుచున్నది మనమే. బస్తాకింతయని కూలి కట్టుటచే, ఇతరులకంటె ముందుగ, ఒంటరిగ, దట్టమైన మూలకు పోవుటకు ఆమెను పురికొల్పుచున్నదియు మనమే. తోట యజమానులును, గుత్తదారులును ఈ మాటకు కినియక ఆలోచింతురుగాక.

వారు చేయవలసినది దుర్భరమైన త్యాగము కాదు. ప్రొద్దు పొడిచిన పిమ్మటగాని తోటలో పని మొదలుపెట్టమని ఊరిలోని యజమాను లందఱు ఒక్కమాటగ కట్టుబాటు చేసికొనవలయును. అందఱును పాటించినచో దొంగభయమును ఉండదు, ఒకనికి నష్టమును రాదు. నలుగురికి తక్కువగా ఎవరిని పంపరాదు. పంటకు ముందుగ చెట్ల మొదళ్లనున్న తుప్పలను నఱికించి, నడుచు త్రోవకు ఇరువైపుల చూపు ఆనునట్లు చేయవలయును. ఇది తోటకును మేలే. మొదటి మనిషి చేతికి గజ్జెల కఱ్ఱ నీయవలయును. రాలిన జీడిపండ్లను, క్రుళ్లిన పనసలను తోటలోను, ఇండ్ల దాపునను కుప్పలు పోయక గోతులలో పూడ్పింపవలయును. ఊరి చెత్త, అంగడి ముందటి ఎంగిలి, గుడి ముంగిట విడిచిన కొబ్బరి చెక్కలు, ప్రమిదలలో మిగిలిన నూనె ఎలుగును ఊరిలోనికి పిలుచు ఆహ్వానపత్రికలు. యెల్లోస్టోన్‌లో నేర్చిన పాఠము ఉద్దానమునకును వర్తించును.

ప్రభుత్వము చేయవలసినదియు స్వల్పము కాదు. ఎలుగు కనబడిన వార్తను ఊరూరికి తక్షణము దండోరా వేయించు ఏర్పాటు కావలయును. మత్తుమందు ప్రయోగము తెలిసిన పశువైద్యులు మనిషి చచ్చిన పిమ్మట దూరమునుండి రాక, పంటకాలమున దాపుననే యుండవలయును. వేకువను, రాత్రివేళను బహిర్భూమికి పోవలసిన స్థితి ఏ పల్లెలోను మిగులరాదు. 2023లో కేంద్రప్రభుత్వము వన్యమృగములవలన మరణించినవారి కుటుంబములకు ఇచ్చు సహాయమును ఐదు లక్షలనుండి పది లక్షల రూపాయలకు పెంచినది. సంతోషమే. కాని ముఖము చీలి బ్రతికినవానికి పలుమారులు శస్త్రచికిత్స కావలయును. దాని వ్యయమును, ఆ కాలమున పోయిన కూలియు ఎవరు భరింతురు? చచ్చినవానికంటె బ్రతికినవాడు ప్రభుత్వ గణనలో చులుక కారాదు.

ఎలుగు లన్నిటిని చంపివేసిన పీడ విరగడగునని కొందఱు కోపమున అనుచున్నారు. ఆప్తులను కోల్పోయినవారి కోపమును మే మెఱుగుదుము. ఐనను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ జంతువును మొదటి పట్టికలో చేర్చి రక్షించుచున్నది. అదే చట్టము పదునొకండవ ప్రకరణమున, ప్రాణరక్షణకై సద్బుద్ధితో చంపినవానిని నేరస్థునిగ నెంచదు. మనుష్యులకు అపాయకరమైన మృగము విషయమున రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారికి ఉత్తరువిచ్చు అధికారము నొసగినది. చట్టము చేతులు కట్టివేసినదను మాట సరికాదు. పగబట్టి వేటాడుట వేఱు. చెదపుట్టలను తిని, పండ్ల విత్తనములను అడవి అంతట వెదజల్లు జంతువును రూపుమాపినందువలన రైతునకు ఒరుగున దేమియు లేదు.

అసలు అవి కొండ దిగి వచ్చు కారణమును గూడ విచారింపవలయును. టెక్కలి పరిసరముల నీలిరాతికి దేశదేశముల గిరాకి యున్నది. ఱాయి కొట్టుచోట గుహ నిలువదు; తుపాకిమందు మ్రోతకు ఎలుగు నిలువదు. వేసవిలో కొండవాగు లెండినచో నీరు తోట బావి దాపుననే దొరకును. కొండమీది నేరేడు, ఇప్ప నఱికి, క్రింద మైళ్లకొలది జీడి నాటి, ఎలుగు మన తోటలోనికి వచ్చెనని ఆక్రోశించుట న్యాయము కాదు. గుహలున్న కొండలను రాతి గుత్తలకు ఈయకుండుట, కొండపాదమున నీటిగుంటలు త్రవ్వించుట, పండ్లచెట్లు పెంచుట ప్రభుత్వము పూనుకొనదగిన పనులు.

ఇది ఉద్దానమునకు మాత్రమే చెందిన సమస్య కాదు. నల్లమల అంచు పల్లెలలోను, అనంతపురపు బండకొండల చెంతను, తెలంగాణములోని రాతిగుట్టల ప్రక్కను పొలములకు పోవువారి కిదే భయము. ఆయా ఊళ్ల పెద్దలు పంట కాలమునకు నెలదినములు ముందుగ గ్రామసభ చేర్చి, వేళ, గుంపు, తుప్పల నఱుకుడు, చెత్త పూడ్పు అను నాలుగు కట్టుబాట్లను తీర్మానించి, తీర్మానమును చావడి గోడపై వ్రాయింపవలెనని కోరుచున్నాము. దీనికి అధికారుల ఉత్తరువు అక్కఱలేదు. ధనమును అంతగా అక్కఱలేదు. ప్రొద్దు పొడుచువఱకు ఒక గంట ఓపిక పట్టినందువలన చెట్టుక్రింది పిక్క చెడిపోదు. ఆ గంటలో ఎలుగు కడుపు నిండి కొండకు మరలును. కూలికి పోయినవారు సందెకు ఇల్లు చేరుదురు.